ఆవు కడుపులో ఒక ఊరు

పాత స్నేహితులు కలిస్తే జ్ఞాపకాలు నెమరేసుకున్నాం అంటాం. పరీక్షల ముందు పిల్లలు పాఠాలు నెమరేసుకుంటారు. ఇంత చక్కని మాటని మనకి అరువిచ్చింది పశువే. కానీ నెమరంటే ఏమిటి, పశువు అది ఎందుకు వేస్తుంది, వెయ్యడం మానేస్తే ఏమవుతుంది అని అడిగితే ఈ రోజుల్లో పిల్లలే కాదు, పెద్దలూ కాస్త తడుముకుంటారు. వాళ్లని అనుకుని లాభం లేదు. పాలు ప్యాకెట్లో ఇంటికొస్తుంటే గేదె దవడ వంక చూసే పని ఎవరికుంటుంది?

నాకు మాత్రం అదే ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా చేశాను. మనుషుల డాక్టరు 'ఏదీ, నాలుక చాపండి' అంటాడు. మా పేషెంట్లు మన మాట వినవు కాబట్టి ముందు రైతునే అడుగుతాం. ఆ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "నెమరేస్తోందా?"

వేస్తోంది అంటే సగం బెంగ తీరినట్టే. మానేసిందంటే మాత్రం చెప్పులు కూడా విడవకుండా కొట్టంలోకి నడవాల్సిందే.

ఈ పాఠం నాకు కాలేజీ కంటే ముందు మా అమ్మ నేర్పింది. కృష్ణా డెల్టాలో మాది చిన్న ఊరు. ఇంట్లో రెండు గేదెలు, ఒక ఆవు. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక అమ్మ లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్లేది. మూడింటి దవడలూ ఆడుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు తలుపు గడియ పెట్టేది. పిల్లలం తిన్నామో లేదో అడగడం మర్చిపోయిన రోజులున్నాయేమో గానీ, ఆ దవడలు చూడకుండా పడుకున్న రోజు నాకు గుర్తు లేదు.

గడ్డి తినేది ఆవు కాదు!

ఈ మాట అంటే రైతులు నవ్వేవారు. "అయితే మా గడ్డివాము ఎవరు ఖాళీ చేశారండీ?" అని ఒకాయన ఎదురడిగాడు కూడా.

గడ్డిలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్ అనే పీచు. దాన్ని విడగొట్టాలంటే ప్రత్యేకమైన ఎంజైము కావాలి. ఆ ఎంజైమును మనిషి తయారుచేసుకోలేడు. విచిత్రం ఏమిటంటే ఆవు కూడా చేసుకోలేదు. గేదె, మేక, గుర్రం, ఏనుగు, ఏదీ చేసుకోలేదు. మరి పూటకో మోపు గడ్డి ఎలా అరుగుతోంది? అరిగించేవాళ్లని ఆవు కడుపులో కాపురం పెట్టుకుంది.

ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయి. మేక బోటి శుభ్రం చేసిన ఇల్లాలిని అడగండి, టక్కున చెబుతుంది: ఒక ముక్క తువ్వాలులా నూగునూగుగా ఉంటుంది, ఒకటి తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉంటుంది, ఇంకోటి పుస్తకం పేజీల్లా పొరలుపొరలుగా ఉంటుంది. నాలుగోది మామూలుగా, నున్నగా, మన జీర్ణకోశంలా ఉంటుంది. మేకకైనా ఆవుకైనా అమరిక ఒకటే. మొదటి గది పేరు రూమెన్. పశువు ఎడమ డొక్క అంతా అదే ఆక్రమిస్తుంది. పెద్ద ఆవుకైతే అది నూరు లీటర్లకు పైగా పట్టే గాబు.

పరిశోధనల కోసం కొన్ని పశువులకి ఎడమ డొక్కలో చిన్న ఆపరేషన్ చేసి రబ్బరు మూత బిగిస్తారు. మూత తీసి చెయ్యి పెట్టొచ్చు. నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి అలా మోచేతి దాకా లోపలికి పెట్టినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంకా పోలేదు. పొయ్యి మీద నుంచి దించిన జావలో చెయ్యి పెట్టినట్టు వెచ్చగా ఉంది. గది మొత్తం నెమ్మదిగా ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంటూ, నా చేతిని పిసుకుతోంది. ఆ రసం ఒక్క చుక్క తీసి, చల్లారిపోకుండా మైక్రోస్కోపు కింద పెట్టారు. అది చుక్క కాదు, తిరునాళ్ల! ఒకటి ఇటు పరుగు, ఒకటి అటు పరుగు, ఒకటి గింగిరాలు.

ఆ పరుగులు తీసేవి ప్రోటోజోవాలు. 1843లో పారిస్‌లో గ్రూబీ, డెలాఫాండ్ అనే ఇద్దరు వీటిని మొదటిసారి చూసి ప్రపంచానికి చెప్పారు. వీటికంటే చాలా చిన్నవి బాక్టీరియా. ఒక్క మిల్లీలీటరు రసంలో సుమారు వెయ్యి కోట్లు ఉంటాయి. అంటే భూమ్మీద ఉన్న మనుషులందరికంటే ఎక్కువ జనాభా ఒక చిన్న మూతలో పడుతుందన్నమాట. ఇక నూరు లీటర్ల గాబులో ఎంతమంది ఉంటారో మీరే లెక్కేసుకోండి. ఊరనడం కూడా తక్కువే, అదొక లోకం.

ఇచ్చిపుచ్చుకోవడం

ఆ లోకానికీ ఆవుకీ మధ్య చాలా పాత ఒప్పందం ఒకటుంది.

ఆవు వంతు: ఇల్లు ఇవ్వాలి. సుమారు 39 డిగ్రీల వెచ్చదనం తగ్గకుండా, పెరగకుండా చూడాలి. గాలి తగలనివ్వకూడదు. రోజుకు నూరు లీటర్ల దాకా లాలాజలం ఊరించి లోపలికి పంపుతూ పులుపు ముదరకుండా కాపాడాలి. గడ్డిని మెత్తగా నూరి పెట్టాలి. ఈ నూరడమే నెమరు. ఆవుకి పైదవడలో ముందుపళ్లుండవు. నాలుకతో చుట్టి, లాగి, నాలుగు నములులు నమిలి గబుక్కున మింగేస్తుంది. తర్వాత తీరిగ్గా పడుకుని, ముద్ద ముద్దగా పైకి తెచ్చుకుని, మళ్లీ నములుతుంది. మెడ వంక చూస్తూ కూర్చుంటే ఆ ముద్ద కింది నుంచి పైకి పాకడం కనిపిస్తుంది. రోజుకి ఏడెనిమిది గంటలు దీనికే సరి. ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నని తునకలయ్యేదాకా గడ్డి తర్వాతి గదిలోకి సాధారణంగా పోదు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీంతో పనుంది.

అతిథుల వంతు: గడ్డిని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచెయ్యాలి. అందులో ముఖ్యమైనది అసిటిక్ ఆమ్లం, అంటే మన పచ్చళ్లలో వాడే వెనిగర్‌లో ఉండేదే. ఆవు ఒంటికి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. పాలలోని వెన్నలో పెద్ద భాగం అసిటిక్ ఆమ్లం నుంచే తయారవుతుంది. ప్రొపియోనిక్ అనే ఇంకో ఆమ్లం కాలేయంలో చక్కెరగా మారి పాలకి తీపినిస్తుంది. మనం వేడి అన్నంలో వేసుకునే నెయ్యి, కాఫీలో పాల కమ్మదనం, అన్నీ ఆ గాబులో పుట్టిన పులుపులే.

కథ అక్కడితో అయిపోలేదు. పని చేసిచేసి ఈ సూక్ష్మజీవులు కూడా ఆ నీటితోపాటు నాలుగో గదిలోకి కొట్టుకుపోతాయి. అక్కడ ఆవు వాటినే అరిగించుకుంటుంది. దాని ఒంటికి చేరే మాంసకృత్తుల్లో సగం, అంతకంటే ఎక్కువ కూడా వీటి శరీరాలే. బి12 విటమిన్ కూడా ఇవి తయారుచేసి పెట్టేదే. ఇదంతా విని మా మనవరాలు "అయితే తాతయ్యా, ఆవు శాకాహారి కాదన్నమాట" అంది. నా దగ్గర జవాబు లేదు!

అందుకే గడ్డి తినేది ఆవు కాదంటాను. ఆవు ఆ ఊరికి అన్నం పెడుతుంది. ఆ ఊరు ఆవుకి పెడుతుంది.

పదో వంతు లెక్క

ఇప్పుడు ఆవు కడుపులోంచి కాస్త బయటికొచ్చి చూద్దాం.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ బాగ్ అనే చిన్న చెరువుంది. రేమండ్ లిండెమన్ అనే యువకుడు కొన్నేళ్లపాటు ఆ చెరువు చుట్టూ తిరిగి, నాచు ఎంత, నాచుని తినే పురుగులెన్ని, ఆ పురుగుల్ని తినేవి ఎన్ని అని ఓపిగ్గా లెక్కలు కట్టాడు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఆహారంలోని శక్తిలో కొద్ది భాగమే చేరుతోందని చూపించాడు. ఆ వ్యాసం 1942లో అచ్చయ్యింది. అచ్చయ్యే నాటికి ఆయన లేడు. 26 ఏళ్లకే జబ్బుతో పోయాడు. ఇప్పుడు మన పిల్లలు బడిలో చదివే 'పది శాతం సూత్రం' ఆయన లెక్కల్లోంచి వచ్చిందే. నిజానికి అన్నిచోట్లా సరిగ్గా పదే ఉండదు. కొన్నిచోట్ల తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ. కానీ గుర్తుంచుకోవడానికి పది మంచి లెక్క.

చేను మీద లక్ష పాళ్ల ఎండ పడిందనుకోండి. మొక్క పట్టుకోగలిగేది సుమారు వెయ్యి పాళ్లు. దాన్ని తిన్న పశువు ఒంట పట్టేది నూరు. ఆ పశువుని పులి తింటే దానికి దక్కేది పది. మిగతాది ఏమైంది? ఒంటి వేడిగా పోయింది. చలికాలం పొద్దున గేదె ముట్టె దగ్గర కనబడే ఆవిరి, నడక, గుండె కొట్టుకోవడం, అన్నీ ఆ ఖాతాలోవే. కొంత పేడగా పోయింది. ఇంకొంత త్రేన్పులో మీథేన్ వాయువుగా పోయింది. తిన్నదాంట్లో వందకి ఆరు పాళ్లు ఇలా గాల్లో కలిసిపోతాయని అంచనా. వాతావరణం వేడెక్కడంలో పశువుల త్రేన్పుల పేరు వినబడేది ఇందుకే. అడవిలో లేళ్లు వందల్లో ఉంటే పులులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండటానికి కారణం కూడా ఈ లెక్కే.

పదో వంతే కదా అని పశువుని తీసిపారేయడానికి లేదు. వరి చేలో గింజ మనది. గడ్డి మనకి అరగదు. ఎంత ఆకలేసినా మనిషి గడ్డి తిని బతకలేడు. మనకి పనికిరాని ఆ ఎండని పాలుగా మార్చి ఇచ్చేది పశువే. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 19 కోట్ల పైన, గేదెలు దాదాపు 11 కోట్లు ఉన్నాయి. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే. ఆ స్థానానికి పునాది రాళ్లు గడ్డి, తవుడు, తెలగపిండి, వేరుశనగ చెక్క. అన్నీ మనం గింజ తీసుకుని, నూనె తీసుకుని వదిలేసినవే.

మా ఇంట్లో చెత్తబుట్ట ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వంచిన గంజి, బీరకాయ తొక్కలు, అరటి తొక్కలు, అన్నీ అందులోకే. దోసెడు తవుడు కలిపితే గేదె కళ్లు మూసుకుని జుర్రుకునేది. గేదె పేడ దిబ్బ మీదికి, దిబ్బ చేలోకి. ఆ పేడలో అరగని గింజలు కోడి ఏరుకునేది. కోడికి పళ్లుండవు గదా, దాని కందనకాయలో చిన్న చిన్న రాళ్లే తిరగలి. గేదె చేలో నడుస్తుంటే దాని కాళ్ల దగ్గర లేచే మిడతల కోసం తెల్ల కొంగలు వెంట తిరిగేవి. వీపు మీద పసులపోలిగాడు స్వారీ. ఒకరి మిగులు ఇంకొకరి విస్తట్లో పడేది. ఎండ రూపంలో వచ్చిన శక్తి మెట్టు మెట్టుకీ ఖర్చయిపోతుంది, దానికి తిరుగు ప్రయాణం లేదు. కానీ పదార్థం మాత్రం మట్టిలోంచి వచ్చి మట్టిలోకే చేరేది. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి కడుపు దాన్ని అరిగించేది.

పెళ్లిభోజనం తిన్న గేదె

ఆ లోపలి ఊరు ఎంత బలమైనదో, అంత సుకుమారమైనది కూడా.

మాఘమాసం వస్తే మాకు పని పెరిగేది. పెళ్లిళ్లు! మిగిలిన అన్నం, బూరెలు పారేయడం ఇష్టం లేక గంపలతో తెచ్చి గేదె ముందు పోసేవారు. ప్రేమతోనే. గడ్డికి అలవాటుపడ్డ ఊరి మీదికి ఒక్కసారిగా అంత పిండిపదార్థం వచ్చిపడితే ఒక రకం బాక్టీరియా విపరీతంగా పెరిగిపోతుంది. లాక్టిక్ ఆమ్లం పొంగుతుంది. గాబంతా పులిసిపోతుంది. ప్రోటోజోవాలు చచ్చిపోతాయి. డొక్క కదలదు, నెమరు ఆగిపోతుంది, గేదె తూలుతుంది. సమయానికి చూడకపోతే తెల్లారేసరికి పడిపోతుంది.

వంటసోడా పట్టిస్తాం, సెలైన్ ఎక్కిస్తాం. కానీ ఊరు ఖాళీ అయిపోయాక మందులు మాత్రం ఏం చేస్తాయి? అప్పుడు ఇంకో పని చేస్తాం. ఆరోగ్యంగా ఉన్న పశువు కడుపులోకి గొట్టం వేసి రెండు మూడు లీటర్ల రసం తీసి, వడగట్టి, వేడి చల్లారకముందే జబ్బు పశువుకి తాగిస్తాం. ఒక ఊరి నుంచి కొన్ని కుటుంబాలని తెచ్చి పాడుబడ్డ ఊళ్లో కాపురం పెట్టించడం లాంటిది. అప్పుడే పుట్టిన దూడకి కూడా ఈ ఊరు ఉండదు. తల్లి నాకగా నాకగా, తోటి పశువుల మేత మూతితో తడమగా తడమగా వస్తుంది. అందుకే లేగదూడ మొదట్లో నెమరెయ్యదు.

ముడి

సర్వీసు చివరి ఏళ్లలో నన్ను ఒక పట్నానికి బదిలీ చేశారు. అక్కడ చూసిన జబ్బుకి మా అమ్మ దగ్గర పేరు లేదు.

ఒక రోజు ఒక ముసలావిడ ఆవుని తోలుకొచ్చింది. నాలుగు నెలల కిందట ఈనింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఎడమ డొక్క మాత్రం ఉబ్బి ఉంది. పిడికిలితో నొక్కితే పిండిముద్దలా గట్టిగా తగిలింది. పాలు పావు లీటరుకి పడిపోయాయి.

"మేతేం పెడుతున్నావు పెద్దమ్మా?"

"పొద్దున పాలు పితికి వదిలేస్తా బాబూ. సాయంత్రానికి తనే ఇంటికొచ్చేస్తది."

"మరి తిండి?"

"ఊళ్లో తింటది."

ఆవుని నిలబెట్టే, డొక్క దగ్గర మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాం. రూమెన్ గోడ కోసి చెయ్యి పెడితే నాకు తెలిసిన ఆ మెత్తని జావ తగలలేదు. మోకు పేనినట్టు చుట్టలు చుట్టుకున్న కవర్లు తగిలాయి. ఒకటి లాగితే పది వచ్చాయి. పాల ప్యాకెట్లు, కూరగాయల సంచులు, టిఫిన్ పార్సిలు కాగితాలు, గుడ్డ పీలికలు, ఒక చెప్పు పట్టీ, రెండు మేకులు. రెండున్నర గంటలు తీశాం. తూకం వేస్తే 32 కిలోలు.

వాటిలో ఒక కవరు నాకు బాగా గుర్తుండిపోయింది. నల్లటి కవరు. నోరు రెండు చెవులుగా చేసి గట్టిగా వేసిన ముడి అలాగే ఉంది. ఎన్ని నెలలు ఆ కడుపులో ఉందో, ముడి మాత్రం సడలలేదు. ఎవరో ఇల్లాలు చెత్త రోడ్డు మీద చిందకూడదని, చీమలు పట్టకూడదని శుభ్రంగా కట్టిన ముడి. చెడ్డ ఉద్దేశం ఏ కోశానా లేదు. కానీ లోపల కూర వాసన, ఉప్పు వాసన వస్తుంటే ఆవు ఏం చేస్తుంది? ముడి విప్పడానికి దానికి చేతుల్లేవు. తొక్కని ఉంచుకుని కవరుని ఉమ్మేసే ఒడుపు దాని నాలుకకి లేదు. కవరుతో సహా మింగేస్తుంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడికొస్తుంది. మిల్లీమీటర్ల తునకలైతే తప్ప రెండో గది దాటదు. పాలిథిన్ కవరు ఎంత నమిలినా తునకలవదు, ఎంత పులిసినా అరగదు. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. గడ్డికి చోటుండదు. గాబు నిండుగా ఉండటంతో ఆవుకి ఆకలి కూడా వెయ్యదు. కడుపు నిండుగా ఉండగానే పశువు ఆకలితో చచ్చిపోతుంది. నా సర్వీసులో చూసిన చావులన్నిటిలోకి ఘోరమైనది ఇదే.

ఇది ఒక్క ఊరి కథ కాదు. 2021లో హర్యానాలోని ఫరీదాబాద్‌లో చూడి ఆవు ఒకదాని పొట్టలోంచి 71 కిలోల చెత్త తీశారు. ఆవూ దక్కలేదు, దూడా దక్కలేదు. మన రాష్ట్రంలోనే, పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఇలాంటి ఆవులకి ఆపరేషన్లు చేసి చేసి, చివరికి 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. సన్నని క్యారీ బ్యాగుల మీద ఆంక్షలు వచ్చాయి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచనివి దేశమంతటా నిషిద్ధం. మందమైన కవరైనా ఆవు కడుపులో కవరే!

ఏ కడుపూ అరిగించలేనిది

ఈ మాట రాసేటప్పుడు ఒక ఆశ కూడా చెప్పాలి. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు నీళ్ల సీసాల ప్లాస్టిక్‌ని తినే బాక్టీరియాని కనుక్కున్నామని ప్రకటించారు. 2021లో ఆస్ట్రియాలో ఆవు రూమెన్ రసాన్నే తీసుకుని పరీక్షిస్తే, అందులోని సూక్ష్మజీవులు కొన్ని రకాల పాలిస్టర్లని కొద్దికొద్దిగా విడగొట్టాయి. అంటే ఆ ఊరివాళ్లు ఎంత సమర్థులో చూడండి! కానీ అదంతా ప్రయోగశాలలో. మన చేతి సంచులు పాలిథిన్‌వి. వీధిలో తిరిగే ఆవుకి ఆ పరిశోధనలు అందేలోగా దాని ఆయుష్షు సరిపోదు.

గడ్డిని అరిగించే విద్య నేర్చుకోవడానికి ఈ జీవాలకి కోట్ల సంవత్సరాలు పట్టింది. ప్లాస్టిక్ సంచి మన ఇళ్లల్లోకి వచ్చి నలభై, యాభై ఏళ్లు. మా అమ్మ కుడితి గోలెంలో పడినదానికల్లా ఎక్కడో ఒక కడుపు ఎదురుచూస్తూ ఉండేది. దీనికోసం మాత్రం ఎదురుచూసే కడుపు ఎక్కడా లేదు.

ఆ ముసలావిడ ఆవు బతికింది. ఆపరేషన్ అయ్యాక పక్క వీధిలో ఒక గేదె దగ్గర మూడు లీటర్ల రసం తీసుకొచ్చి తాగించాం. రెండు రోజులు డొక్క మీద చెయ్యి వేసి చూస్తే నిశ్శబ్దం. మూడో రోజు మధ్యాహ్నం ముసలావిడ ఆస్పత్రి దాకా నడిచొచ్చింది. "డాక్టరు బాబూ, దవడ ఆడిస్తోంది" అంది. ఆ మాట విన్న సంతోషం ఏ ప్రమోషన్ ఆర్డరూ ఇవ్వలేదు నాకు. తర్వాత కొన్నాళ్లు ఆవుని కట్టేసే మేపిందావిడ. మళ్లీ వదిలేసిందని విన్నాను. గడ్డి మోపు కొనే స్తోమత లేక వదిలింది, ఆమెని ఏమనగలం? ఒకప్పుడు ఊరి చివర బీళ్లుండేవి, ఇప్పుడు అక్కడ ప్లాట్లున్నాయి.

ఇప్పుడు నేనూ అపార్టుమెంటులోనే ఉంటున్నాను. మా పై అంతస్తులో ఒక అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, "అంకుల్, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అంటారు గానీ, చివరికి అంతా ఒకే బండిలో కలిపేస్తే మన శ్రమ దేనికి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. తడి, పొడి వేరు చెయ్యాలన్న నిబంధన 2016లోనే వచ్చింది. అది కాగితం మీద ఎంత, వీధిలో ఎంత అన్నది ఊరిని బట్టి ఉంటుంది. బండి సంగతి మన చేతిలో లేకపోవచ్చు. ముడి సంగతి మాత్రం మన చేతిలోదే. తిండి వాసన ఉన్న దేన్నీ కవర్లో కట్టి గుమ్మం బయట పెట్టకపోతే చాలు. వట్టి కవరుని ఆవు అంతగా పట్టించుకోదు. దాన్ని లాగేది లోపలి వాసన.

మా కింద రెండు బకెట్లు పెట్టాం. ఒకదాంట్లో కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు. రెండో దాంట్లో పాచిపోయిన కూరలు, మిగిలిన అన్నం. మొదటిది రెండు సందుల అవతల గేదెలున్న ఒకాయన పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తాడు. రెండోది ఇవ్వొద్దన్నాను. అది మొక్కల ఎరువు గుంటలోకి పోతుంది. "అన్నం పెడితే పుణ్యం కదండీ" అని కొందరు నొచ్చుకున్నారు. పెళ్లిభోజనం తిన్న గేదె కథ చెబితే ఒప్పుకున్నారు.

ఇరవై నాలుగు ఇళ్లలో ఇప్పటికి పదహారు ఇళ్లవాళ్లు బకెట్టు వాడుతున్నారు. ఆ పిల్లలిద్దరూ బడికి వెళ్తూ దార్లో గేదెల్ని చూసి వస్తారు. మొన్న చిన్నవాడు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు: "తాతగారూ, మెడలో ముద్ద పైకి రావడం నేను చూశాను!"